సంచి మీద మాట ఎవరు రాయాలి?

మెట్ట ప్రాంతాల్లో కొన్నేళ్లుగా ఒక కొత్త పని సాగుతోంది. వ్యవసాయ కూలీ ఆడవాళ్లు పదిహేను, ఇరవై మంది ఒక జట్టుగా చేరి, నాలుగెకరాలో ఆరెకరాలో కౌలుకు పట్టి, కొర్రలు, సామలు, అరికెలు వేస్తున్నారు. పండిన గింజను కల్లంలోనే దళారీకి కొలిచి ఇవ్వకుండా, పొట్టు తీయించి, కిలో సంచుల్లో కట్టి, పట్నంలో నేరుగా అమ్ముకోవాలని చూస్తున్నారు.

విత్తడం, కలుపు, కోత, నూర్పిడి వాళ్లకు ఒకరు నేర్పనక్కర లేదు. పొట్టు తీసే మిషన్లు ఇప్పుడు కొన్ని ఊళ్లలో వచ్చాయి. గుడ్డ సంచులు కుట్టే చేతులు జట్టులోనే వున్నాయి. ఇంతా అయ్యాక, చిట్టచివర, చిన్న పనిలా కనిపించే ఒకదాని దగ్గర బండి ఆగిపోతోంది. సంచి మీద ఏం రాయాలి? ఎవరి చేత రాయించాలి? వాళ్లకు ఎంత ఇవ్వాలి?

సమావేశాలకు పోయినచోటల్లా ఈమధ్య మమ్మల్ని ఇదే అడుగుతున్నారు. "నాలుగు అక్షరాలకు ఇంత చర్చ దేనికి?" అని విసుక్కునే కార్యకర్తలూ లేకపోలేదు. పొట్టు తీసిన కొర్ర బియ్యం ఏళ్ల తరబడి నిలవ వుండే సరుకు కాదని వాళ్లు గుర్తు పెట్టుకోవాలి. పొట్టు మీద వున్నంత కాలం గింజ భద్రం. పొట్టు పోయిందా, కొన్ని నెలల్లో ముక్క వాసన మొదలవుతుంది, పురుగు పడుతుంది. ఈలోగా సంచి అమ్ముడు పోవాలి. పోకపోతే కౌలు బాకీ అలాగే వుంటుంది, మిల్లు కూలి నెత్తిన పడుతుంది, మళ్లీ ఆ దళారీ గుమ్మంలోనే నిలబడాల్సి వస్తుంది. కాబట్టి ఇది ఒక ఏటి కష్టం సంగతి.

పేరు మారింది, గింజ మారలేదు

మన పెద్దల కాలంలో కొర్రన్నం పేదవాడి కూడు. వరి అన్నం పండగ నాటి ముచ్చట. ప్రభుత్వ కాగితాల్లో వీటికి 'ముతక ధాన్యాలు' అని పేరు. 2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం గెజిట్ ప్రకటన ఇచ్చి, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, వరిగ, అరికె, సామ, ఊద వంటివాటిని 'పోషక ధాన్యాలు' అని పిలవాలంది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆ ఏటి బడ్జెట్ ప్రసంగంలో వీటికి 'శ్రీ అన్న' అనే పేరు వచ్చింది. పట్నం కొట్లలో 'సిరిధాన్యాలు' అని బోర్డులు వెలిశాయి.

గింజ మాత్రం అదే గింజ. దున్నింది అవే ఎడ్లు, కోసింది అవే చేతులు. మారింది మాట.

మాట ఒక్కటే ధర పెంచిందని మేము అనడం లేదు. షుగరు జబ్బు ఇంటింటికీ వచ్చింది, డాక్టర్లు తిండి మార్చుకోమంటున్నారు, వున్నవాళ్ల పళ్లెంలోకి పేదవాళ్ల కూడు పోయింది. అయినా కల్లంలో రైతుకు వచ్చే ధరకూ, అద్దాల కొట్లో సంచి మీద ముద్రించిన ధరకూ మధ్య ఎంత తేడా వుందో ఎవరికి వాళ్లు వెళ్లి చూసుకోవచ్చు. ఆ తేడాలో పొట్టు తరుగు వుంది, మిల్లు కూలి వుంది, బండి బాడుగ, కొట్టు బాడుగ వున్నాయి. అవన్నీ తీసేశాక మిగిలేదాంట్లో మాట ఖరీదు కూడా వుంది. ఆ మాట మనం రాయలేదు. అందుకే ఆ ఖరీదు మనకు రాలేదు.

మాటకు ఈ బలం వుందని వ్యాపారం తెలిసినవాళ్లు ఏనాడో కనిపెట్టారు. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పుడు అది ఎవరూ ఎరగని సరుకు. ఆయన సంగీత కచేరీల్లో దాన్ని ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారు. 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా పెట్టారు. కొత్త సరుకు జనంలోకి పోవాలంటే చేతికి అందాలి, మాట చెవిన పడాలి అన్న సంగతి ఆ రోజుల్లోనే తెలిసిన తెలుగువాడు ఆయన. కష్టజీవులం మనమే ఈ విషయంలో వెనకబడి వున్నాం.

కాపీరైటర్ అంటే చూచిరాత కాదు

పట్నంలో ఈ పని చేసేవాళ్లను కాపీరైటర్ అంటారు. ఒక ఊళ్లో ఈ మాట చెప్పగానే ఒక పెద్దమ్మ "అంటే పరీచ్చలో సూసి రాసేటోడా?" అని అడిగింది. జట్టంతా నవ్వింది. చూచిరాత కాదు. సరుకు గురించి కొనేవాళ్లకు అర్థమయ్యేలా, నమ్మకం కుదిరేలా రాసే పని అది. సంచి మీద మాట, కొట్లో పెట్టే కరపత్రం, సంతలో కట్టే గుడ్డ బ్యానర్, ఫోనుల్లో పంపే కబురు, పట్నం కొట్టు యజమానికి రాసే ఉత్తరం, ఇవన్నీ ఆ పనిలోకే వస్తాయి.

ఊరంతా వాడే సబ్బుకు రాయడం ఒక తీరు. సబ్బు అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర లేదు, పేరు చెవిలో మోగుతుంటే చాలు. ఎక్కడో కొందరే కొనే సరుకుకు రాయడం ఇంకో తీరు. అరికెల సంచి చేతిలోకి తీసుకున్న మనిషికి నూటొక్క సందేహాలు. ఎలా వండాలి? ఎన్ని నీళ్లు? పిల్లలు తింటారా? రంగు ఎందుకు ఇలా వుంది? బియ్యం కంటే ఎందుకింత ధర? ఈ సందేహాలను ముందే పసిగట్టి, చక్కని తెలుగులో జవాబు చెప్పగలవాడు మనకు కావాలి. కవిత్వం కట్టేవాడు అక్కర లేదు.

పిలవక ముందు మన పని

రాసేవాడిని వెతకడానికి పోక ముందే జట్టు ఒక పూట కూర్చోవాలి. మనకేం కావాలో మనకు తెలియకపోతే ఎంత మంచి రాతగాడైనా ఏం చేయలేడు. అడగందే అమ్మయినా పెట్టదు. ఏం అడగాలో తెలియకపోతే ఏం పెడుతుంది?

ఒకటి: మన సరుకు ఏమిటి? నంద్యాల పరిశోధనా స్థానం విడుదల చేసిన సూర్యనంది రకం కొర్రా, తాతల నాటి విత్తనమా? ఎర్రనేలా, నల్లరేగడా? ఏ ఎరువు వేశాం, ఏ మందు కొట్టాం, ఏది కొట్టలేదు? పాలిష్ పట్టించామా, లేదా?

రెండు: ఎవరు కొంటారు? షుగరు వున్న పట్నం మనిషా? జిమ్ముకు పోయే కుర్రవాడా? చిన్నప్పుడు కొర్రన్నం తిని, ఇప్పుడు హైదరాబాదులోనో బెంగుళూరులోనో వుంటూ ఆ రుచి కోసం వెతుక్కునే మన పల్లె మనిషా? ముగ్గురికీ ఒకే మాట పనికిరాదు. ముందు ఒకరిని ఎంచుకోవాలి.

మూడు: పక్కనున్న సంచికీ మన సంచికీ తేడా ఏమిటి?

నాలుగు: మనం చెప్పకూడనిది ఏమిటి? కచ్చితంగా తెలియనిది ఏది?

ఈ చర్చలో మగవాళ్ల మాట తగ్గించి, వండేవాళ్లను మాట్లాడనివ్వాలి. మేము చూసిన ఒక సమావేశంలో అసలు సరుకంతా అక్కడే బయటపడింది. "పట్నమోళ్లు నానబెట్టకుండానే పొయ్యి మీద పెడతారు. పలుకు మిగులుతాది. ఒకసారి తిని మల్ల ముట్టరు" అంది ఒకామె. "కొత్తగా తినేటోళ్లు ఒక్కసారే కడుపు నిండా తినకూడదు, ఉబ్బరమొస్తాది. మొదట్లో వరి బియ్యంలో సగం కలుపుకోమని సెప్పాల" అంది ఇంకొకామె. "రంగు సూసి పాతవనుకుంటారు. పాలిషు పట్టలేదు, అందుకే తెల్లగా లేవని సెప్పాల గదా" అని మూడో ఆమె అందుకుంది.

ఏ కాలేజీలోనూ దొరకని పాఠం ఇది. ఇందులో ప్రతి వాక్యమూ ఒక సంచిని అమ్మిపెడుతుంది. జట్టులో చదువుకున్న పిల్ల ఒకరు పక్కన కూర్చుని, ఈ మాటలను ఎవరు ఎలా అన్నారో అలాగే నోటు పుస్తకంలో రాసుకోవాలి. రేపు వచ్చే రాతగాడి చేతిలో మొట్టమొదట పెట్టవలసింది ఆ పుస్తకమే.

ఎక్కడ వెతకాలి?

"మాకు చదువు లేదు, పెద్ద కంపెనీకి పోదాం" అంటారు కొందరు. పెద్ద ప్రకటనల కంపెనీ ఖర్చు మన జట్టు మోయలేదు, ఆ సంగతి అలా వుంచండి. సిమెంటుకూ, బంగారు కొట్టుకూ రాసి పేరు తెచ్చుకున్నవాడు సామలకు రాయగలడన్న పూచీ ఏముంది?

ముందు మన చుట్టూ చూడాలి. డిగ్రీ చదివి పని దొరకక తిరుగుతున్న కూలీల బిడ్డలున్నారు. పత్రికలకు వార్తలు రాసే విలేకరులున్నారు. తెలుగు పంతుళ్లున్నారు. రేడియోలో వ్యవసాయ కార్యక్రమాలకు రాసినవాళ్లున్నారు. సరుకు ఏ పట్నానికి పోతుందో చూసుకోవాలి. అనంతపురం వైపు జట్లకు బెంగుళూరు దగ్గర. అక్కడ అమ్మాలంటే కన్నడం, ఇంగ్లీషు రాయగలవాళ్లూ కావాలి. తెలుగులో రాసిందాన్ని మక్కికి మక్కి తిప్పేస్తే చదివేవాడు నవ్వుతాడు.

మాట కోసం మరీ దూరం పోనక్కర లేదనడానికి జహీరాబాదు ప్రాంతం సాక్ష్యం. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు 2008 అక్టోబరులో మాచునూరు నుంచి 'సంఘం రేడియో' ప్రారంభించారు. తమ విత్తనాల గురించి, పాత పంటల గురించి, వంటల గురించి తమ యాసలో తామే మాట్లాడారు. వీడియో కెమెరాలు పట్టి చిత్రాలూ తీశారు. అక్షరం రాకపోయినా మాట వస్తుందని వాళ్లు రుజువు చేశారు. రాతగాడి పని ఆ మాటను చెరిగి, నూక తీసి, సంచి మీద పట్టేంత చేయడం. కొత్తగా మాట పుట్టించడం కాదు.

ఎవరు దొరికినా ఇంతకు ముందు రాసినవి మూడు తెమ్మనాలి. సరుకు ఎవరిది, కొనేవాళ్లు ఎవరు, ఆ మాట ఎందుకు రాశావు అని ఒక్కొక్కదాని గురించి అడగాలి. చెప్పగలిగినవాడు ఆలోచించి రాసినట్టు. "బాగుంటుందని రాశా" అన్నవాడు చెవికింపు కోసం రాసినట్టు.

ఈమధ్య ఫోనులో యంత్రమే రాసిపెడుతోంది కదా, మనిషి ఎందుకని యువకులు అడుగుతున్నారు. అక్షర దోషాలు దిద్దుకోవడానికీ, నమూనా చూసుకోవడానికీ అది పనికొస్తుంది. కానీ అది కొర్రన్నం తినలేదు, మన కల్లం చూడలేదు. అడిగిన ప్రతివాడికీ ఇంచుమించు అదే అమృతం, అదే ఆరోగ్యం, అదే ప్రకృతి రాసిస్తుంది. నూరు సంచుల మీద ఒకే మాట వుంటే కొనేవాడు మన సంచి ఎందుకు తీసుకుంటాడు?

ఇద్దరికి ఒక పూట పని

రాయలసీమలో ఒక జట్టు ఈ పరీక్ష ఎలా జరిపిందో చెబుతాం. వాళ్లు ఇద్దరిని పిలిచారు. ఒకరు పట్నంలో పేరున్న మనిషి. ఇంకొకరు పక్క మండలం అమ్మాయి, రెండేళ్లు ఒక విత్తనాల కొట్టుకు కరపత్రాలు రాసింది. ఇద్దరికీ పనికి డబ్బు ముందే చెప్పారు. రాసింది నచ్చినా నచ్చకపోయినా ఆ పూట కూలి ఇస్తామన్నారు.

పట్నం పెద్దమనిషి కుర్చీలో కూర్చుని పావుగంటలో రాసేశాడు. "ప్రకృతి ఒడిలో పుట్టిన అమృతం. మీ ఇంటికి ఆరోగ్య సిరి. షుగరుకు శాశ్వత వీడ్కోలు." చదువుతుంటే గంట కొట్టినట్టుంది. ఒక ముసలమ్మ లేచి, "మూట ఇప్పి సూడకుండానే యాం రాస్తివి సారూ?" అంది. ఆయన దగ్గర జవాబు లేదు.

ఆ అమ్మాయి మొదటి గంట ఒక్క అక్షరం రాయలేదు. మూట విప్పించింది, గింజలు అరచేతిలో పోసుకుని చూసింది, రెండు నోట్లో వేసుకుంది. ఎన్ని గంటలు నానాలి? గ్లాసుకు ఎన్ని నీళ్లు? కిలో బియ్యం ఎంతమందికి వస్తాయి? రాయి వస్తుందా? పురుగు ఎన్నాళ్లకు పడుతుంది? పోయినేడు కొన్నవాళ్లు మళ్లీ కొన్నారా, కొనకపోతే ఏమన్నారు? ఇలా అడుగుతూనే వుంది. చివరికి "అక్కా, ఒక గ్లాసు వండి పెట్టండి, తిని రాస్తా" అంది. "కూసో పాపా" అని వాళ్లు పొయ్యి వెలిగించారు.

ఆమె రాసింది ఇది: "కొర్ర బియ్యం. పాలిష్ పట్టలేదు, అందుకే తెల్లగా వుండవు. రెండు గంటలు నానబెట్టి, గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లు పోసి వండండి. కొత్తగా తినేవాళ్లు మొదటి వారం వరి బియ్యంలో సగం కలుపుకోండి. గాలి తగలని డబ్బాలో పెట్టి మూడు నెలల్లో వాడుకోండి. కౌలు భూమిలో మేము పద్దెనిమిది మంది ఆడవాళ్లం పండించి, చెరిగి, కట్టిన సంచి ఇది."

రెండూ పైకి చదివి వినిపించారు. చేతులెత్తమంటే రెండోదానికే అన్ని చేతులూ లేచాయి. అక్కడితో ఆగలేదు. ఆ రెండు కాగితాలూ పట్నంలో చదువుకుంటున్న ఒక కూలీ కొడుకు చేత పంపి, ముక్కూమొహం తెలియని పదిమందికి చూపించారు. ఏ సంచి కొంటారని అడిగితే ఎక్కువమంది రెండోదే అన్నారట. "వండడం రాక మానేశాం, ఇది చూస్తే వచ్చేట్టుంది" అని ఒకాయన అన్నాడట. పండించినవాళ్ల చెవికీ, కొనేవాళ్ల కంటికీ రెండింటికీ నిలిచిన మాటే మాట.

చట్టం గీసిన గీత

'షుగరుకు వీడ్కోలు' అన్న మాట వినడానికి ఇంపుగా వుంటుంది, అమ్మకానికి వూపునిస్తుంది కూడా. కానీ ఆ మాటతో సంచి అచ్చు వేయిస్తే చిక్కుల్లో పడేది రాసినవాడి కంటే ముందు మన జట్టే. సంచి మీద అడ్రసు మనది.

ఆహార పదార్థాల ప్రకటనల మీద 2018లో వచ్చిన నిబంధనలున్నాయి. ఏ తిండీ ఫలానా జబ్బును నయం చేస్తుందనీ, రాకుండా ఆపుతుందనీ రాయకూడదు. మందుల ప్రకటనలకయితే 1954 నుంచే చట్టం వుంది. ఆ చట్టంలోని జబ్బుల జాబితాలో మధుమేహం కూడా వుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. రోజు కూలీ మీద బతికే ఆడవాళ్ల జట్టుకు ఇది ఏడు తరాల బాకీ.

'పీచు ఎక్కువ' అని రాయాలన్నా లెక్క వుంది. 100 గ్రాముల్లో కనీసం 3 గ్రాముల పీచు వుంటేనే 'పీచు వుంది' అనవచ్చు, 6 గ్రాములుంటేనే 'పీచు ఎక్కువ' అనవచ్చు. పాలిష్ పడితే తవుడుతో పాటు పీచు పోతుంది. కాబట్టి మన సంచిలోని బియ్యాన్ని పరీక్ష చేయించి, ఆ కాగితం చేతిలో పెట్టుకునే ఈ మాట రాయించాలి. 'సేంద్రియ' అన్న మాటకు కూడా అంతే. మందు కొట్టలేదన్న మన నమ్మకం చాలదు. ప్రభుత్వం గుర్తించిన ధ్రువీకరణ వుండాలి. లేకపోతే ఆ మాట వదిలేసి, చేసిందేదో చెప్పుకోవచ్చు.

ఇక తప్పనిసరిగా వుండవలసినవి వున్నాయి. సరుకు పేరు, కట్టినవాళ్ల పేరు, చిరునామా, నికర బరువు, కట్టిన నెల, సంవత్సరం, పన్నులతో కలిపి గరిష్ఠ ధర, ఫిర్యాదుకు ఫోను నంబరు. ఇవి 2011 తూనికలు కొలతల నిబంధనల ప్రకారం వుండాలి. ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు కూడా వేయాలి. మంచి రాతగాడు ఈ జాగా మొదట వదిలి, మిగిలిన జాగాలో తన మాట సర్దుతాడు. ఈ జాగా గురించి అసలు అడగనివాడికి ఆహారం సంచి మీద రాసిన అనుభవం లేదని తెలుసుకోవచ్చు.

చట్టానికి భయపడే నిజం చెప్పాలని కాదు. షుగరు మనిషి మన సంచి చదివి మాత్రలు మానేస్తే జరిగేది ఏమిటి? ఆ మనిషి కూడా ఎక్కడో ఒక కష్టజీవే కావచ్చు. అమ్ముడుపోవాలని ఒకరి ప్రాణం మీదికి తెచ్చే పని దళారీ కూడా చేయలేదు.

కూలి మాట, కాగితం మాట

కూలి రేట్ల కోసం ధర్నాలు చేసే మనమే, రాసేవాడి దగ్గరికి వచ్చేసరికి "మంచి పని కదా, ఉచితంగా రాసిపెట్టండి" అంటున్నాం. ఇది మనకు తగదు. వంగి కలుపు తీసినా, కూర్చుని రాసినా కష్టం కష్టమే. ఉచితంగా రాసినవాడిని రెండోసారి దిద్దమని గట్టిగా అడగలేం, గడువు పెట్టలేం. మొహమాటంతో సగం నచ్చిన మాటే అచ్చు వేయించుకుంటాం.

పదానికి ఇంత అని లెక్క కట్టవద్దు. అలా కడితే పది మాటల్లో తేలేదానికి నలభై మాటలు వస్తాయి. పని లెక్కన కట్టాలి: సంచి మాట ఒకటి, కరపత్రం ఒకటి, ఫోను కబుర్లు ఇన్ని, వీటన్నిటికీ ఇంత. సగం ముందు, సగం ఒప్పుకున్నాక. ఎన్నిసార్లు దిద్దిపెట్టాలో ముందే అనుకోవాలి, రెండుసార్లు న్యాయం. జట్టు తరఫున ఒకరో ఇద్దరో మాట్లాడాలి. పద్దెనిమిది మంది పద్దెనిమిది మార్పులు చెబితే ఎవరి తలయినా తిరుగుతుంది.

అమ్మకం మీద కమీషన్ ఇస్తామంటే ఖర్చు కలిసొస్తుందని కొందరి ఆలోచన. మేము దీనికి వ్యతిరేకం. ఎన్ని సంచులు పోతే అంత డబ్బు అన్నప్పుడు 'వీడ్కోలు', 'మాయం' లాంటి మాటలు వాటంతటవే కలంలోకి దిగుతాయి. స్థిరమైన కూలి ఇస్తేనే నిజం రాయమని నిలదీసే హక్కు మనకు వుంటుంది.

కాగితం మాట ఇంకా ముఖ్యం. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, మన దగ్గర జీతానికి పనిచేయని మనిషి రాసినదానికి మొదటి హక్కుదారు ఆ రాసిన మనిషే. డబ్బు ఇచ్చినంత మాత్రాన హక్కు మనకు రాదు. హక్కు బదిలీ చేస్తున్నట్టు రాతపూర్వకంగా సంతకం కావాలి. అందులో ఎంత కాలానికో రాయకపోతే ఐదేళ్లకే అని చట్టం లెక్క వేస్తుంది. ఆరో ఏట అదే మాట ఇంకో వ్యాపారి సంచి మీద కనబడితే అప్పుడు మొత్తుకుని లాభం లేదు. ఒక తెల్ల కాగితం మీద ఏ పని, ఎంత డబ్బు, ఏ తేదీ, హక్కు ఎవరికి, ఎన్నాళ్లకు, ఎక్కడెక్కడ అని తెలుగులో రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టాలి. రాసినవాళ్ల పేరు కరపత్రం అడుగున వేస్తే మనకు పోయేదేమీ లేదు. వాళ్లకు మరో పని దొరుకుతుంది.

ఫోటోలో నవ్వే అమ్మ

చివరిగా ఒక మాట. ఇప్పుడు ఏ సంచి చూసినా తట్ట నెత్తిన పెట్టుకుని నవ్వుతున్న పల్లెటూరి అమ్మ బొమ్మ వుంటోంది. కింద 'రైతక్క చేతి నుంచి మీ ఇంటికి' అని రాత. ఆ అమ్మకు ఆ సంచి ధర ఎంతో తెలుసా? ఆ బొమ్మ వేస్తామని ఆమెను అడిగారా? అందులో ఆమె కూలి ఎంత? ఈ ప్రశ్నలు ఎవరూ అడగరు. ఆమె చెమటనే కాదు, నవ్వును కూడా సరుకు చేసుకున్నారు.

మన జట్లు ఈ దారి తొక్కకూడదు. ఫోటో వేయాలంటే ఆ మనిషిని అడిగి, ఎక్కడ వేస్తారో చెప్పి, ఒప్పుకుంటేనే వేయాలి. పేదరికం చూపించి జాలితో అమ్మవద్దు. జాలిపడి కొన్నవాడు ఒకసారి కొంటాడు. రుచి కుదిరి కొన్నవాడు నెలనెలా కొంటాడు. మన బాధలు చెప్పుకోవడానికి సభలున్నాయి, ఊరేగింపులున్నాయి. సంచి మీద చెప్పవలసింది మన పనితనం.

మంచి మాట ఒక్కటే మన కష్టాలు తీర్చదు. కౌలుదారుకు గుర్తింపు కార్డు, అప్పు, పొట్టు తీసే మిషను, పంటకు గిట్టుబాటు ధర, వీటి కోసం పోరాటం సాగవలసిందే. కానీ ఇన్నాళ్లూ మన పంట గురించి ఎవరో రాస్తే మనం సంతకం చేశాం, వేలిముద్ర వేశాం. ఇప్పుడు రాసేవాళ్లను మనమే కూర్చోబెట్టి, అన్నం వండి పెట్టి, కూలి ఇచ్చి, మన మాట మనకు కావలసినట్టు రాయించుకునే రోజు వచ్చింది. వచ్చే కోతల నాటికి ప్రతి జట్టూ ఒక పూట కూర్చుని నోటు పుస్తకం తెరవండి. మొదటి పేజీలో రాతగాడి పేరు రాయవద్దు. "మా కొర్రలు వండే పద్ధతి" అని రాసి, జట్టులో పెద్దామెను మాట్లాడమనండి. మిగతా పని అక్కడి నుంచి నడుస్తుంది.